నాలుగో గది కుర్చీ

నాలుగో గదిలో కుర్చీ మళ్ళీ కిటికీ వైపు తిరిగి ఉంది. నిన్న నేనే దాన్ని బల్ల వైపు తిప్పి వెళ్ళాను. వేసవిలో అయితే గది అద్దెకి తీసుకున్న అతిథులు తిప్పుకున్నారులే అనుకునేదాన్ని, సముద్రం చూడటానికే కదా అంత దూరం నుంచి వస్తారు. కానీ ఇది ఏప్రిల్, మా దీవిలో ఇంకా వేసవి రాలేదు. గోడకి చెమ్మ పట్టిందని ఈ గది ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, అక్టోబరు నుంచి ఇందులో మనిషన్నవాడు పడుకోలేదు. పరుపులు ఎండబెట్టడం, దుప్పట్లు ఉతకడం, గోడలకి సున్నం వెయ్యడం నా పనులు కాబట్టి తాళంచెవి కూడా నా ఏప్రన్ జేబులోనే ఉంటుంది. కుర్చీని మళ్ళీ బల్ల వైపు తిప్పాను. "ఊరుకో అత్తా" అన్నాను, దుప్పటి దులుపుతూ.

ఇది మా అత్త మరూసో గది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. బతికినన్నాళ్ళూ ఈ కుర్చీలోనే కూర్చుని చిక్కుళ్ళు ఒలిచేది. కిటికీలోంచి ఎదురుగా డెలోస్ దీవి కనిపిస్తుంది, పూర్వపు గ్రీకుల దేవుడు పుట్టిన చోటట, ఇప్పుడు విరిగిన స్తంభాలూ రాళ్ళూ తప్ప ఏమీ లేవు. ఆవిడ దాన్ని పేరు పెట్టి పిలిచేది కాదు, "అవతల" అనేది. మా మామ ముప్పై ఏళ్ళు అవతలికి పడవ నడిపాడు. ఆయన తర్వాత నా మొగుడు లెఫ్టేరిస్ నడుపుతున్నాడు. రోజుకి నలభై మంది విదేశీయులు మా పడవెక్కి వెళ్ళి, ఆ రాళ్ళ మధ్య ఫొటోలు దిగి, నేను కట్టిచ్చిన జున్ను రొట్టెలు తినేసి వస్తారు. పడవ పేరు మరూసో. ఆ పేరుగల మనిషి మాత్రం ఒక్కరోజు కూడా అందులో కూర్చోలేదు. కొడుకు పడవమీద ఆ పేరు రాయించిన రోజున రేవుకి వచ్చి చూసి, పిండి పులుస్తోందని ఇంటికెళ్ళిపోయింది. నేను ఈ ఇంటికొచ్చి ఇరవై నాలుగేళ్ళు. నేనూ వెళ్ళలేదు. అడగలేదా అంటే అడిగాను. "రేపు ఖాళీ ఉంటే చూద్దాం" అంటాడు లెఫ్టేరిస్. చలికాలంలో అడిగితే, "చలికాలంలో అక్కడేముంది, బల్లులు తప్ప?" అంటాడు. అతిథులు నా చెయ్యి పట్టుకుని, మీరెంత అదృష్టవంతులో, రోజూ చూడొచ్చు అంటారు. అవునవును అంటాను, వాళ్ళ తడి తువ్వాళ్ళు చంకలో పెట్టుకుని.

అతిథులతో భోజనానికి కూర్చున్నప్పుడల్లా లెఫ్టేరిస్ ఒకే కథ చెబుతాడు. "పూర్వం ఆ దీవిలో పుట్టకూడదు, చావకూడదు. నెలలు నిండిన ఆడవాళ్ళని పక్క దీవికి తోసేసేవాళ్ళు. దేవుడికి శుభ్రం కావాలి మరి." అందరూ నవ్వుతారు. నేను పళ్ళేలు తీస్తూ ఆ పక్క దీవి గురించే ఆలోచిస్తుంటాను. ఆ నొప్పులన్నీ అక్కడ పడ్డారు కదా, ఆ గుడ్డలన్నీ ఎవరు ఉతికారు అని. మా అత్త కూడా వింటూనే ఉండేది, ఒక్కసారి కూడా నవ్వలేదు.

పదకొండేళ్ళ క్రితం, జులైలో ఒక శనివారం, నాలుగో నెల కడుపు పోయింది నాకు. పొద్దున్నే స్నానాలగదిలో, ఒక్కదాన్నే. గోడ పట్టుకుని బయటికొస్తే అత్త గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో ఇస్త్రీ దుప్పట్లు. "తర్వాత పడుకుందువులే. ముందు రెండో గదికి దుప్పట్లు వెయ్యి, అతిథుల ఓడ వచ్చేస్తోంది" అంది. నేను దుప్పట్లు అందుకున్నాను. అందుకుని, మా వాళ్ళు ఆగర్భ శత్రువుని కూడా అనడానికి జంకే మాట అన్నాను. "నిన్ను మట్టి కూడా కరిగించుకోకూడదు." ఆవిడ మొహం పాలిపోయింది. నేను గది సర్దాను, మంచాలు రెండూ.

మా దీవిలో మూడేళ్ళకి సమాధి తవ్వుతారు. ఎముకలు ఇంటి ఆడవాళ్ళు ద్రాక్షసారాతో కడిగి, పెట్టెలో పెట్టి, కుటుంబానికున్న చిన్న గుడి గోడలో గూడు కట్టి ఉంచుతారు. శరీరం కరిగి ఎముకలు పసుపుపచ్చగా, శుభ్రంగా వస్తే ఆత్మ హాయిగా ఉన్నట్టు. కరగకపోతే ఎవరిదో శాపం తగిలినట్టు. ఆ శాపం ఎవరిదో అని ఊళ్ళో వాళ్ళు లెక్కలు వేస్తారు, నా విషయంలో లెక్క కూడా అక్కర్లేదు, నాకే తెలుసు. ఈ శనివారమే తవ్వకం. కుర్చీ తిరిగి ఉన్న ప్రతిసారీ అదే గుర్తొచ్చేది. నా మాట మట్టికింద ఆవిణ్ణి పట్టుకుని కూర్చుందని, ఆవిడ అక్కడ పడుకోలేక ఇక్కడికొచ్చి కూర్చుంటోందని అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

శనివారం పొద్దున లెఫ్టేరిస్ రాలేదు. "పదిన్నరకి గుంపు ఉంది. అయినా అది ఆడవాళ్ళ పని. పెట్టె నాన్న పక్కన పెట్టెయ్, గూడు మూసే తాపీవాడు మధ్యాహ్నం వస్తాడు" అన్నాడు, కాఫీ తాగుతూ. నేను పోయినవాళ్ళ పేరు మీద పంచడానికి గోధుమలు ఉడకబెట్టి, పంచదార కలిపి, సారా సీసా పట్టుకుని వెళ్ళాను. పాదిరీ ప్రార్థన చదివాడు. సమాధులు తవ్వే జొర్జిస్ పారతో మొదలుపెట్టి, తర్వాత చేతులతో తీశాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"చూడమ్మా, చూడు" అన్నాడు. "మైనంలా ఉంది మీ అత్త. ఇంత శుభ్రంగా రావడం నేను చూసి చాన్నాళ్ళయింది."

అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాను. అత్తమీద ప్రేమతో ఏడుస్తున్నానని జొర్జిస్ అనుకున్నాడు, పాపం నాకు మంచినీళ్ళు కూడా తెచ్చిచ్చాడు. తర్వాత తొట్టిలో సారా పోసి ఒక్కొక్కటే కడిగాను. పుర్రె కడిగాను, చేతులు కడిగాను. మోకాలి చిప్పల దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. రెండూ ఒకవైపు అరిగి నున్నగా ఉన్నాయి. ఐదు గదులు, పదహారు మెట్లు, యాభై ఏళ్ళు మోకాళ్ళమీద తుడిచిన మనిషి. నా కుడి మోకాలు కూడా మెట్లు దిగుతుంటే కటకటమంటుంది. ఆ జులై శనివారం ఆవిడ గుమ్మంలో ఎందుకలా అందో నాకు అప్పుడు అర్థమైంది. ఆవిడకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. క్షమించానని అనను. కానీ ఆ మోకాళ్ళని తువ్వాలుతో తుడుస్తున్నప్పుడు నాకు కోపం రాలేదు.

ఎముకలు ఎండలో ఆరుతుంటే పక్కన కూర్చుని ఆలోచించాను. మట్టి ఆవిణ్ణి తీసుకుంది. నా శాపం తగల్లేదు. మరి ఆ కుర్చీ తిప్పేదెవరు, ఎందుకు? అప్పుడు ఆవిడ ఆఖరి వారం గుర్తొచ్చింది. నేను బెడ్‌పాన్ తీస్తుంటే ఆవిడ కిటికీ వైపు చూస్తూ, "అవతల ఎట్లా ఉంటుందే?" అంది. "నీ కొడుకునడుగు" అన్నాను. ఆవిడ అడగలేదు. శాపం కాదు నన్ను వెంటాడుతున్నది, ఆ జవాబు.

పెట్టె మూతవేసి చంకన పెట్టుకుని బయల్దేరాను. కొండమీద మా గుడికి వెళ్ళే దారీ, రేవుకి వెళ్ళే దారీ చీలే చోట కాసేపు నిలబడ్డాను. గుడిలో ఆవిడ గూడు కొండ వైపు ఉంది. అక్కణ్ణుంచి సముద్రం కనిపించదు.

రేవులో పడవ నిండా జనం. లెఫ్టేరిస్ తాడు విప్పబోతూ నన్ను చూశాడు.

"ఇక్కడికెందుకొచ్చావ్? ఇంటి దగ్గరెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"దుప్పట్లు?"

"తీగమీద ఉన్నాయి."

"ఆ పెట్టె ఏంటి?"

"మీ అమ్మ."

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మతి పోయిందా నీకు? అవతలికి చచ్చినవాళ్ళని తీసుకెళ్తావా? పూర్వం నుంచీ అక్కడ..."

"చావకూడదన్నారు" అన్నాను. "చచ్చాక చూడ్డానికి రాకూడదని ఎవరూ అనలేదు. సాయంత్రం మళ్ళీ తీసుకొచ్చి గూట్లో నేనే పెడతాను."

"అనెజినా, ఖాళీ లేదు. నలభై మందీ వచ్చేశారు."

నిజమే, ఖాళీ లేదు. చుక్కాని దగ్గర అతని కుర్చీ ఒక్కటే ఉంది. పడవలోకి దిగి, ఆ కుర్చీని దీవి వైపు తిప్పి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"నిలబడి నడుపు" అన్నాను.