రోలు దగ్గరి అంకెలు

దోసెల పిండి రుబ్బుతూ మూడో ఉదయం కూడా ఆ యంత్రాన్ని రోలు అంచున పెట్టుకున్నాను. బెంగళూరు నుంచి మా మరిది ఎడ్విన్ తెచ్చింది, ఈమధ్యే కొత్తగా వచ్చిన జీపీఎస్ అట. ఉపగ్రహాలను అడిగి మనం ఎక్కడున్నామో అంకెల్లో చెబుతుందట. ఆరుబయట ఉంటేనే పనిచేస్తుందని, తడవకుండా చూడమని నాకు అప్పగించాడు. ఇవాళ ఉదయగిరి కొండ మీది నుంచి గుడ్డ రెక్క తగిలించుకొని ఎగిరి, ఈ అంకెలు చూసుకుంటూ మా బీడు చేలో దిగుతాడట.

చివరి మూడు అంకెలు మొన్న 412, నిన్న 448, ఇవాళ 395. బొగ్గుతో గోడ మీద రాసుకున్నాను. రోలు మాత్రం మా అత్త కాలం నుంచీ కదల్లేదు.

చెబితే మా ఆయన వరప్రసాదం నవ్వాడు. హైస్కూల్లో లెక్కల మాస్టరు. "ఏడో తరగతి తప్పినదానివి, ఉపగ్రహాలకు లెక్కలు దిద్దుతుండావా?"

"నిజమేలే వదినా," అన్నాడు ఎడ్విన్. "ఆ ఉపగ్రహాలు అమెరికా మిలిటరీవాళ్ళవి, బయటివాళ్ళకిచ్చే అంకెల్లో కావాలనే తప్పు కలుపుతారు. నూరు మీటర్లు అటూ ఇటూ, అంతే!"

అంతేనా? ఆ చేనికీ కరెంటు తీగలకూ మధ్య నా అడుగులు నలభై. నీళ్ళబిందెతో ఎన్నిసార్లు నడిచానో. ఇవాళ కొండ నెత్తిన ఎండ ఉంది, కింద చేలన్నీ మంచులో మునిగి ఉన్నాయి. పైనుంచి చేను కనబడదు, ఈ అంకెలే దిక్కు. ఇంత చదివినవాళ్ళు ప్రమాదాన్ని తెలిసే దాస్తున్నారా, లేక తప్పని తెలిసినదాన్ని కూడా నమ్మడమే చదువా?

"మంచు పోయినాక ఎగురు నాయనా," అన్నాను.

"నీకేం తెలుసు? ప్రార్థన చేసి పంపించు, పొద్దెక్కుతుండాది," అన్నాడు మా ఆయన.

మా ఇంట్లో ప్రార్థన లేకుండా ఎవరూ గడప దాటరు. అత్త పోయినప్పటి నుంచి అదీ నా పనే. వంటలాగా, నీళ్ళలాగా, ఎవరూ అడక్కుండానే నా మీదికి వచ్చి చేరింది. వెనకాల నేను ప్రార్థిస్తానన్న భరోసాతోనే వీళ్ళకింత తెగింపేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది.

ఇద్దరూ తలలు వంచారు. నేను పిండి రుబ్బుతూనే ఉన్నాను.

"ఏంది, చెయ్యి!" అన్నాడు మా ఆయన.

"తప్పని తెలిసీ దూకేవాడిని కాపాడమని దేవుణ్ణి నేనడగను. మీరే చెయ్యండి."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా..." అన్నాడు. ఇరవై ఏళ్ళలో ఇంట్లో ఒక్కసారైనా ప్రార్థన చేసిన మనిషి కాదు. ఆ తర్వాత మాట రాలేదు.

ఎడ్విన్ మెల్లగా భుజాన ఉన్న రెక్క సంచి దించాడు. "మంచు పోనీ వదినా," అని అరుగు మీద కూర్చున్నాడు.

మా ఆయన ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. తర్వాతి మాట నేను అందించలేదు.