ఓడ సుడి, ఆవు సుడి

హోసూరు పక్కనున్న మత్తిగిరిలో పశువుల ఫారం దగ్గరే గది అద్దెకు తీసుకుని, ఏం పని చేస్తావని ఎవరడిగినా "సుళ్ల మీద పని" అని చెప్పడం ఇంజనీరు జనార్ధనరావు చేసిన తప్పు. కాకినాడ నుంచి కొత్తగా వచ్చాడు. ఈ ఊళ్లో సుడి అంటే పశువు ఒంటి మీది వెంట్రుకల సుడి అనీ, అది చూసే బేరం కుదురుతుందనీ అతనికి తెలియదు.

అందుకే ఒక పొద్దున పక్కింటి నంజమ్మ తన ఆవును తోలుకొచ్చి అతని వాకిట్లో నిలబెట్టింది.

"సారూ, మా గౌరి సుడి మంచిదని ఒక మాట చెప్పు. లేకపోతే ఈ వారం పోచంపల్లి పశువుల సంతకు తోలేస్తారంట."

జనార్ధనరావు నోట్లో బ్రష్షు అలాగే ఉండిపోయింది. "నేను పశువుల డాక్టర్ని కాదండీ."

"డాక్టరు సూదులే కదా వేసేది. సుళ్లు చూసేది నువ్వే కదా?"

గౌరి నంజమ్మ పుట్టింటివాళ్లు ఇచ్చిన పెయ్య. తల్లి పాలు లేని దూడను గంజి తాగించి బతికించుకుంది. ఈమధ్య సంత బేరగాడొకడు గౌరి వెన్ను తడిమి, "ఈ సుడి ఇంటికి అచ్చిరాదు" అనేసి పోయాడు. మర్నాడే నంజమ్మ అత్త మునెమ్మ గచ్చు మీద జారిపడింది. ఇక ఆవు ఇంట్లో ఉండకూడదని పట్టుబట్టింది.

ఆ మునెమ్మే ఇప్పుడు నడుము పట్టుకుని వెనకాలే వచ్చింది. "ఏమప్పా, నీ చదువు ఏం చెప్తా ఉంది?"

"అమ్మా, నావి నీళ్ల సుళ్లు. ఓడ వెనక నీళ్లలో..."

"హోసూర్లో ఓడ యాడుంది?"

"ఓడ విశాఖపట్నంలో ఉంది. దాని రెక్కలు మూకండపల్లిలో మా ఫ్యాక్టరీవాళ్లు చేస్తారు." అతను పక్కనున్న నీళ్ల బకెట్టు ముందుకు లాగి, గదిలోంచి గరిటె తెచ్చి ముంచి తిప్పాడు. "ఓడ వెనక ఇలా తిరిగే రెక్కల చక్రాన్ని ప్రొపెల్లర్ అంటారు. అది తిరిగితే ఓడ ముందుకు పోతుంది, వెనక నీళ్లు సుళ్లు తిరుగుతాయి. ఏ సుడి ఎక్కడ పుట్టి ఎటు పోతుందో బెంగళూరులో కంప్యూటర్ చేత లెక్క కట్టిస్తున్నాను."

గౌరి మెడ చాచి బకెట్టులో నీళ్లు తాగేసింది.

"సరే, ఆ సుడి మంచిదా, చెడ్డదా?" అంది మునెమ్మ.

"కొన్ని రెక్కను తినేస్తాయి. కొన్ని ఏమీ చేయవు. చూసి చెప్పలేం. లెక్క తేలాలి."

"తేలలేదా?"

జనార్ధనరావు నిట్టూర్చాడు. కంప్యూటర్ చదివేలా లెక్కను చిల్లులుగా పొడిచిన అట్టలు పెట్టెడు బస్సులో వేసుకుని పోవడం, అది అచ్చేసి ఇచ్చిన బారెడు కాగితం మోసుకురావడం, ఇదే పని. కిందటిసారి లెక్క బాగానే మొదలై, చివరికి నీళ్లు ఓడను వదిలేసి ఆకాశానికి పోతున్నట్టు వచ్చింది.

"లేదమ్మా."

మునెమ్మ ఆవు వెన్ను వైపు చూసింది. "అంత పెద్ద మిషనుకే తేలకపోతే, ఆ బేరగాడు చేత్తో తడిమి మన గౌరిది ఎట్ల చెప్పినాడే?"

"అదే కదత్తా నేనూ అడిగేది!"

"తేలనీ. తేలిందాకా దీన్ని తోలేది వద్దు."

"అమ్మా, ఆ లెక్కకూ ఆవుకూ..."

"సుడి సుడే కదప్పా. నీ పని నువ్వు చూడు. తొందర పడొద్దు."

అప్పటి నుంచి అతను బెంగళూరు బస్సు దిగినప్పుడల్లా మునెమ్మ అరుగు మీద నుంచి "తేలిందా?" అని కేకేసేది. "లేదమ్మా" అనేవాడు దిగాలుగా. అతని లెక్క తప్పినందుకు సంతోషించే మనిషి లోకంలో నంజమ్మ ఒక్కతే. ఈలోపు గౌరి ఈనింది. మునెమ్మ రెండు పూటలా చిక్కటి కాఫీ తాగుతోంది గానీ, సుడి మాట మరవలేదు.

ఒక సాయంత్రం జనార్ధనరావు బస్సు ఆగకముందే దూకేశాడు. నీళ్ల తొట్టిలో చిన్న ప్రొపెల్లర్ తిప్పి కొలిచిన అంకెలూ, కంప్యూటర్ అంకెలూ కలిశాయి.

"తేలిందమ్మా!" అని వీధిలోంచే అరిచాడు. అరిచాక గుమ్మంలో నంజమ్మ కనిపించింది. ఆమె పాల చెంబు పట్టుకుని గౌరి వైపు చూసింది.

మునెమ్మ అరుగు దిగింది. "ఏమని?"

"ఒక రెక్క దగ్గర సుళ్లు తెలిశాయి."

"రెక్కలు ఎన్ని?"

"నాలుగు."

"ఒకదానికే ఇన్నాళ్లు పట్టె. ఇంకా మూడుండాయి." మునెమ్మ మళ్లీ అరుగెక్కి కూర్చుంది. ఆమె ముఖంలో నిరాశ ఏమీ లేదు.

"అది కాదమ్మా, నాలుగూ ఒకేలా ఉంటాయి కాబట్టి..."

నంజమ్మ ఒక్క అంగలో వచ్చి చెంబు అతని చేతిలో పెట్టింది. "పాలు తాగు సారూ. చల్లారిపోతాది."

జనార్ధనరావు ఆమె వైపు చూశాడు, మునెమ్మ వైపు చూశాడు. మునెమ్మ అటు తిరిగి గౌరి దూడను ముద్దుగా పిలుచుకుంటోంది. అతను చెంబు ఎత్తి, మధ్యలో ఊపిరి కూడా తీసుకోకుండా తాగేశాడు.