పూజకు రాని డిస్కు

నేను పటమటలో కాపురం ఉంటానని ఆధార్ కార్డు అంటుంది. నిజానికి నేనుండేది ఆర్టీసీ బస్సుల్లో. కంపెనీలు కంప్యూటర్లలో దాచుకున్న సమాచారం పోకుండా ఎలా కాపాడుకోవాలి, పోతే ఎలా తిరిగి తెచ్చుకోవాలి అన్న పాఠాన్ని భుజాన వేసుకుని ఊరూరా తిరుగుతుంటాను. సుధామణి మేడమ్ వచ్చిందంటే ఏదో పోబోతోందని అర్థం అని వెనకాల అనుకుంటారట. అనుకోనీ. అయినవాళ్ళు ఏడిచేలా చెబుతారు, కానివాళ్ళు నవ్వేలా చెబుతారు అంటారు. నేను కానిదాన్నే, అందుకే నవ్విస్తూ చెబుతాను.

నాకో పాడు రోగం ఉంది. ఎంత పెద్ద ప్రమాదం చూస్తే అంత నవ్వొస్తుంది. ఒకసారి ఒక ఆఫీసులో సర్వర్ గది మొత్తం ఎలుకలు కొరికేస్తే, వాళ్ళంతా తలలు పట్టుకుంటే, నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని మరీ నవ్వాను. ఈ రోగం చల్లపల్లిలో ముదిరింది.

చల్లపల్లి దగ్గర ఎల్లారావు గారిది చేపల వ్యాపారం. పడవల నుంచి సముద్రం చేప, చెరువుల నుంచి రొయ్య కొని, ఐసు పెట్టెల్లో సర్ది దూర దేశాలకి పంపుతారు. ఏ పెట్టె ఏ చెరువుదో, ఏ రోజు పట్టిందో కంప్యూటర్‌లో చూపిస్తేనే కొనేవాళ్ళ మనుషులు లారీ ఎక్కనిస్తారు. పుట్టుపూర్వోత్తరాలు తెలియని రొయ్యని ఈ రోజుల్లో ఎవరూ తినడం లేదు. ఈ ఏర్పాటంతా ఆయన మేనకోడలు హేమది. అంతకు ముందు పెట్టెల మీద సుద్దముక్కతో రాసేవారు. ఆయనకి సుద్ద మీద మమకారం ఇంకా పోలేదు, ఒక ముక్క ఎప్పుడూ చొక్కా జేబులో ఉంటుంది. హేమతో ఏ మాట తేడా వచ్చినా దాన్ని తీసి చూపిస్తారు. "నీ కంప్యూటర్ ఒక్కసారి మొరాయించిందనుకో, ఆ సర్వర్ గదిలో మళ్ళీ వలలు పెట్టుకుంటాం. నువ్వు విజయవాడలో ఉద్యోగం చూసుకో" అని.

కిందటి నెల అక్కడే క్లాసు చెప్పాను. "కాపీలు తోడికోడళ్ళ లాంటివి. ఒక కప్పు కింద చేరారా, కొంప కొల్లేరే. ఒకటి ఆఫీసులో, ఒకటి పక్క ఊళ్ళో, ఒకటి ఇంకో ఊళ్ళో ఉండాలి" అన్నాను. ఇంటర్నెట్‌లో ఒక కాపీ పెడదామంటే ఎల్లారావు గారు ఒప్పుకోలేదు. మన చేపల సంగతి ఊరూ పేరూ తెలియని చోట ఎందుకన్నారు. సరే, ఉన్నదాంతోనే సర్దుకున్నాం. అసలు సర్వర్ ఆఫీసులో. ఒక డిస్కు రోజూ అకౌంటెంట్ మణికుమార్‌తో పామర్రులో వాళ్ళింటికి. ఇంకో డిస్కు ఐసు లారీలో మొవ్వ దారిలో ఉన్న ముస్తాక్ ఐసు ఫ్యాక్టరీకి. ముస్తాక్, ఎల్లారావు చిన్నప్పటి నుంచీ స్నేహితులు, వ్యాపారంలో భాగస్తులు. ఇంత చక్కని ఏర్పాటు పెద్ద పెద్ద బ్యాంకుల్లో కూడా చూడలేదని నేనే మెచ్చుకున్నాను. నా నోట మెప్పు రావడం ఎంత అరిష్టమో తర్వాత తెలిసింది.

మహర్నవమి నాడు ఎల్లారావు గారు నన్ను మళ్ళీ రమ్మన్నారు. "సామాన్లకి పూజ చేసే రోజు కదండీ మేడమ్ గారూ, మీరు చెప్పిన ఆ రికవరీ పరీక్షేదో అదే రోజు మొదలెడితే శుభం" అన్నారు. ఊరంతా అమ్మవారి కొండకి వస్తుంటే నేను ఊరొదిలి వెళ్ళాను. బస్సులో నాకు కిటికీ సీటు దొరికింది, ఆ సంతోషంలో ఉయ్యూరు దాకా మురుకులు తింటూనే ఉన్నాను.

నేను వెళ్ళేసరికి పూజ అయిపోయింది. పులిహోర వాసన ఆఫీసు వాకిట్లోకే వస్తోంది. లోపల పీట మీద తూకం కాటా, చేపల కత్తులు, పడవ ఇంజను, వాటి మధ్యలో పెళ్ళికూతురిలా సర్వర్. దానికి మొహం నిండా పసుపు, మూడు బొట్లు, మెడలో బంతిపూల దండ. పక్కనే చిన్న తమలపాకు మీద పామర్రు నుంచి వచ్చిన డిస్కు.

"ఇదెందుకొచ్చిందిక్కడికి?" అన్నాను మణికుమార్‌తో.

"పూజ కదండీ. ఆయుధాలన్నీ ఒక్కచోట చేరాలి కదా" అన్నాడతను, నాకీ మాత్రం తెలియదా అన్నట్టు.

తోడికోడళ్ళు ఒక కప్పు కింద చేరారు. అయినా ఒక్క పూటే కదా అని సర్దిచెప్పుకుంటుండగా ఎల్లారావు గారి తల్లి పేరమ్మ గారు వచ్చారు. ఎనభై దగ్గరపడ్డా నడుం వంగని మనిషి. "ఎంత బాగా మెరుస్తున్నాయో చూశావామ్మా. తెల్లారి నేనే కడిగాను. సబ్బు పెట్టి, పసుపు నీళ్ళు పోసి, ఎండలో ఆరబెట్టాను. కడగని సామాను పూజకి పనికిరాదు" అన్నారు.

"వేటిని కడిగారండీ?"

"అన్నిటినీను. కాటా, కత్తులు, ఇదిగో ఈ పెట్టె, ఈ చిన్నది. నీచు వాసన పోవాలా వద్దా?"

నేను ఆపేలోపే ఎల్లారావు గారు మంచి ఘడియ దాటిపోతోందంటూ స్విచ్ వేశారు. టప్‌మని చప్పుడు, సన్నటి పొగ. హేమ పరుగున వచ్చి డిస్కునైనా బతికిద్దామని తన లాప్‌టాప్‌కి పెట్టింది. అది ముసలి ఫ్యానులా రెండుసార్లు కటకటలాడి ఊరుకుంది. దాన్ని వంచితే సందులోంచి పసుపు నీళ్ళు కారాయి.

నాకు నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరుక్కున్నాను, లాభం లేదు. కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగాను. వెనక్కి తిరిగి చూస్తే హేమ ఆ డిస్కుని రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల మొహం చూశాక మాత్రం నవ్వు ఎటుపోయిందో పోయింది. రెండేళ్ళు ఒక్కొక్క చెరువు గట్టుకీ వెళ్ళి ఆ వివరాలన్నీ పోగేసింది. సాయంత్రం లారీకి ఎక్కాల్సిన పెట్టెలు అవతల ఐసులో ఉన్నాయి. వాటి పుట్టుపూర్వోత్తరాలు ఇక్కడ పసుపు నీళ్ళలో ఉన్నాయి. హైదరాబాదులో ఈ డిస్కుల్ని విప్పి బాగుచేసేవాళ్ళు ఉన్నారు గానీ, అందాకా రొయ్య ఆగదు.

ఎల్లారావు గారు జేబులోంచి సుద్దముక్క తీశారు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

"మూడోది?" అన్నాను. "ముస్తాక్ గారి డిస్కు ఏదీ?"

మణికుమార్ నేలచూపులు చూశాడు. చివరికి పేరమ్మ గారే చెప్పారు. "వాడు రాలేదమ్మా. ఏటా వచ్చేవాడు. లారీ తెచ్చి నిమ్మకాయలు తొక్కించేవాడు, పులిహోర నాలుగుసార్లు అడిగి వేయించుకునేవాడు. ఈ ఏడు అలిగాడు."

ఏటా ఎల్లారావు గారు స్వయంగా వెళ్ళి పిలిచేవారట. ఈ ఏడు పని ఒత్తిడిలో ఫోనులో గ్రూపుకి అమ్మవారి బొమ్మ ఒకటి పెట్టి, కింద 'అందరూ రండి' అని రాసి ఊరుకున్నారట. ముస్తాక్ చూశాడు. చూసినట్టు నీలం టిక్కులు కూడా పడ్డాయి. పిలవని పేరంటానికి ఎవరొస్తారు.

నాకు మళ్ళీ నవ్వొచ్చింది, ఈసారి సంతోషంతో. రాలేదంటే డిస్కు కూడా రాలేదు. డిస్కు రాలేదంటే పేరమ్మ గారి సబ్బు దాన్ని తాకలేదు. నిన్న సాయంత్రం ఐసు లారీలో వెళ్ళిన కాపీ అది, ఆ తర్వాత కొత్తగా ఎక్కించింది ఏమీ లేదు. "పదండి, కారు తీయండి" అన్నాను.

"నేను రాను. మణిని పంపుతా" అన్నారు ఎల్లారావు గారు.

"వాడు మణికి ఇస్తాడనుకున్నావా? నువ్వే పోవాలి" అన్నారు పేరమ్మ గారు, పులిహోర క్యారేజీ సర్దుతూ. కారులో ముందు సీట్లో ఆవిడే కూర్చున్నారు. దారి పొడుగునా "నేనేం చేశానని, కడిగాను" అని అంటూనే ఉన్నారు. "మీరేం తప్పు చేయలేదు అమ్మమ్మా" అని హేమ అన్నప్పుడల్లా ఆవిడ గొంతు ఇంకాస్త తగ్గింది.

ఐసు ఫ్యాక్టరీలో ఐసు దిమ్మల్ని పొడి చేసే మిషను గడగడా తిరుగుతోంది. ముస్తాక్ దాని పక్కనే నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి లేని మర్యాద తెచ్చిపెట్టుకున్నాడు. "రండి ఎల్లారావు గారూ, దయచేయండి" అన్నాడు. ఏరా అని పిలిచే మనిషి గారూ అంటే ఆ దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఎల్లారావు గారు మెడ తడుముకున్నారు.

"డిస్కు కావాలి" అన్నారు.

ముస్తాక్ చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మిషను చప్పుడులో ఏదీ వినబడటం లేదని సైగ చేశాడు. పేరమ్మ గారు కొడుకు వీపు మీద ఒక్క పోటు పొడిచారు. "ముందు పిలవరా."

"పూజకి రావాలి" అని అరిచారు ఎల్లారావు గారు.

మళ్ళీ సైగ.

"మన పూజకి రావాలి. నువ్వు లేకపోతే బాగోలేదు. తప్పు నాదే" అని ఆయన గొంతు చించుకున్నారు. ఐసు ఎత్తే కూలీలంతా పని ఆపి చూస్తున్నారు. ముస్తాక్ తాపీగా వెళ్ళి మిషను ఆపాడు. ఆ నిశ్శబ్దంలో తిరిగొచ్చి, "మొదటిసారే వినబడిందిరా. ఇంకోసారి వినాలనిపించింది" అన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. నేను ఎలాగూ నవ్వుతూనే ఉన్నాను.

హేమ ఒక్కతే నవ్వలేదు. "బాబాయ్, డిస్కు ఎక్కడ పెట్టారు?"

"ఐసులో పెట్టానమ్మా, చెడిపోకుండా" అన్నాడు ముస్తాక్.

హేమ అక్కడే ఉన్న ఖాళీ పెట్టె మీద కూలబడింది. నా నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ముస్తాక్ కంగారుపడి, "అయ్యో, ఊరికే అన్నానమ్మా, నిజం కాదు" అంటూ వెనకున్న ఇంట్లోకి పరిగెత్తాడు. వాళ్ళమ్మ ఖాసింబీ గారు పరుపుల పెట్టెలోంచి దుప్పట్లన్నీ తీసి, అడుగు నుంచి పాత చీర ముక్కలో చుట్టిన డిస్కుని బయటికి తెచ్చారు. హేమ చేతిలో పెడుతూ, పిల్లని అలా ఏడిపించినందుకు కొడుకుని నెత్తిన ఒక్కటి మొట్టారు.

ముస్తాక్‌ని కూడా ఎక్కించుకుని ఆఫీసుకి తిరిగొచ్చాక డిస్కుని నా లాప్‌టాప్‌కి కలిపాం. హేమ తెర ముందు కూర్చుంది. నేను చేసిపెట్టవచ్చు, కానీ చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఇది ఆ పిల్ల యుద్ధం. కంప్యూటర్‌కి ఒక్కో ఆజ్ఞా తనే రాసింది. తెర మీద గీత మెల్లగా నిండుతుంటే ఎల్లారావు గారు కుర్చీ వెనక నిలబడి, రికార్డుల్లో ఏదో ఒకటి వచ్చిన ప్రతిసారీ "అదిగో మోపిదేవి చెరువు, అదిగో మన పెద్ద పడవ" అని చిన్నపిల్లాడిలా చూపిస్తున్నారు. చివరి పెట్టె వివరం కూడా వచ్చింది. బయట లారీ ఎక్కిస్తున్న చప్పుడు మొదలైంది. హేమ తల బల్ల మీద ఆనించి ఏడ్చింది, తర్వాత నవ్వింది, తర్వాత రెండూ కలిపి చేసింది. నాకంటే పెద్ద రోగి అనిపించి ముద్దొచ్చింది.

ఎల్లారావు గారు సుద్దముక్కని మేనకోడలి చేతిలో పెట్టారు. "ఇక నాకు దీంతో పని లేదు. నీ గదికి నువ్వే రాసుకో" అన్నారు. హేమ ఆలోచించలేదు. సర్వర్ గది తలుపు మీద ఇంత లావు అక్షరాలతో రాసింది: 'లోపలి సామాను కడగరాదు.'

పేరమ్మ గారు దాన్ని కూడబలుక్కుని చదివి మూతి ముడుచుకున్నారు. పసుపు గిన్నె పట్టుకుని నా లాప్‌టాప్ వైపు వస్తుంటే నేను దాన్ని ఒళ్ళో దాచుకున్నాను.

అందరం పులిహోరకి కూర్చున్నాం. ముస్తాక్ రెండోసారి వేయించుకున్నాడు. "వచ్చే ఏడు నేనే వస్తానురా పిలవడానికి. నవమి ముందు రోజే వస్తా" అన్నారు ఎల్లారావు గారు.

హేమ ముద్ద ఆపేసింది. "మావయ్యా, పిలిస్తే బాబాయ్ వస్తారు. డిస్కు కూడా వస్తుంది. అన్నీ మళ్ళీ ఒక్కచోటే చేరతాయి."

నిజమే. ఇన్నేళ్ళ నా పాఠంలో ఈ చిక్కుకి సమాధానం లేదు. అందరూ నావైపు చూశారు. నేను పచ్చిమిరపకాయ కొరుకుతున్నట్టు నటించాను.

ముస్తాక్ విస్తరి ముందుకు జరిపి, మూడోసారికి పేరమ్మ గారి చేతిలో గరిటె వైపు చూస్తూ అన్నాడు. "నేనొస్తానమ్మా, నన్ను పిలిచారుగా. డిస్కుని ఎవరూ పిలవలేదు. దాని అలక ఇప్పట్లో తీరదు."