కైలాసానికి రిహార్సల్

మా ఆయన చక్రధర్‌కి కైలాస యాత్ర పిచ్చి పట్టి ఏడాదైంది. పట్టిందంటే మామూలుగా పట్టలేదు. ఐర్లండ్‌లో, అత్లోన్ అనే ఊళ్ళో ఉన్న మా ఇంటి హాల్లో కాలు పెట్టే చోటు లేదు. ఒక మూల ఉన్ని మేజోళ్ళు, ఇంకో మూల వాన కోట్లు, వంటింట్లో అలమర తలుపు తీస్తే కప్పుల బదులు గ్లూకోజ్ పొట్లాలు మీద పడతాయి. ఇండియా వెళ్ళి, అక్కణ్ణించి నేపాల్ మీదుగా టిబెట్‌లోకి వెళ్ళాలి. మూడు దేశాల కాగితాలూ నేను చూసుకున్నాను. కొండలెక్కే సాధన ఆయన చూసుకున్నారు. సాధనంటే ఏమిటనుకున్నారు? వీపు సంచిలో సోనామసూరి బియ్యం బస్తా పెట్టుకుని షానన్ నది గట్టున నడవడం! పక్కింటి ముసలాయన నన్నాపి, మీ ఆయన బియ్యం వ్యాపారం మొదలుపెట్టాడా అని అడిగాడు. ఏం చెప్పను, నా మొహం!

డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో ఆయన ఆఫీసు వారం వారం కొత్తవాళ్ళని చేర్చుకుంటున్న రోజులవి. సెలవు దొరకడమే గగనం. అలాంటిది ఈ యాత్ర కోసం ఏకంగా నెల రోజులు సంపాదించారు. "ఈ ఏడు వెళ్ళి తీరాలి గిరిజా," అనేవారు. ఎందుకంత పట్టుదలో చెప్పమంటే నవ్వి ఊరుకునేవారు.

ప్రయాణికులకి మందులిచ్చే క్లినిక్‌లో డాక్టరమ్మ, ఎత్తుల మీద వాడాల్సిన మాత్రల్ని ముందు ఇంట్లోనే వేసుకుని చూడమంది. చూశాం. వేళ్ళు కాస్త తిమ్మిరెక్కాయి, అంతే. ఆవిడ ఇంకో మాట నొక్కి చెప్పింది. పైకి వెళ్ళేకొద్దీ ఆకలి చచ్చిపోతుందట. ఆకలి లేకపోయినా తినాలి, దాహం లేకపోయినా తాగాలి. మా ఆయన బుద్ధిమంతుడిలా తలూపారు. ఆ తల ఊపుడు చూసైనా నాకు అనుమానం రాలేదు.

అన్నీ సిద్ధమయ్యాక, చివరి పరీక్షగా క్రో పాట్రిక్ ఎక్కుదామన్నారు. అది మేయో జిల్లాలో ఉంది, ఐరిష్‌వాళ్ళకి పవిత్రమైన కొండ. శనివారం పొద్దున్నే మా అమ్మాయి ఆశ్రితని కూడా లేపి బయలుదేరాం. "మీరు తిన్నారా?" అంటే "ఆ, తిన్నాను," అన్నారు. కొండ కిందికి చేరగానే బూట్లు విప్పేసి సంచికి కట్టుకున్నారు.

"ఇదేం చోద్యమండీ?"

"దేవుడి కొండే కదా. ఇక్కడివాళ్ళు కూడా కొందరు చెప్పుల్లేకుండానే ఎక్కుతారు."

ఒళ్ళు మండింది. అయినా, పిల్ల ముందు గొడవెందుకని ఊరుకున్నాను. మొదట బాగానే నడిచారు. శిఖరం దగ్గర పడ్డాక దారంతా జారిపోయే పలుగురాళ్ళు. అక్కడ వెనకబడ్డారు. తిరిగి చూస్తే ఒక రాయి మీద కూలబడి ఉన్నారు. మొహం పాలిపోయింది, అంత చలిలోనూ చెమట కారుతోంది, పాదం కోసుకుని నెత్తురు వస్తోంది.

"అమ్మా, డాడ్ ఈజ్ నాట్ గ్రాండ్ ఎట్ ఆల్!" అని, నాన్నకి అస్సలు బాగాలేదని అరిచింది ఆశ్రిత.

పరిగెత్తినట్టే దిగాను. కారప్పొడి అద్దిన ఇడ్లీల డబ్బా తీసి, ఒక ముక్క నోటి దగ్గర పెట్టాను. మొహం పక్కకి తిప్పుకున్నారు.

"పైకెళ్ళి దండం పెట్టుకోకుండా ఎలా తింటాను?"

"మరి పొద్దున తిన్నానన్నారు?"

"నువ్వు ఊరుకోవని అలా అన్నాను. రాత్రినుంచీ ఏమీ తీసుకోలేదు."

"నీళ్ళు?"

తల అడ్డంగా ఊపారు. నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఇంత చిన్న కొండ మీదే ఈయన ఇలా అయిపోతే, ఇంతకి ఏడింతల ఎత్తున, కైలాసం చుట్టే దారిలో గాలే ఆడని డోల్మా కనుమ మీద ఏమైపోతారు? అక్కడ ఎవరు దిక్కు?

"అక్కడ కూడా ఇలాగే చేస్తారా? నిజం చెప్పండి."

"నీకు అపెండిక్స్ పగిలి, ఒళ్ళంతా విషం పాకిందన్నారు చూడు, ఆ రాత్రి మొక్కుకున్నాను. నువ్వు బతికితే కైలాసం చుట్టూ వట్టికాళ్ళతో, పస్తుండి తిరుగుతానని. నీకు చెప్పకూడదనుకున్నాను. నువ్వు బతికావు గిరిజా. మాట తప్పితే నీకేమైనా అవుతుందేమోనని నా భయం."

ఈ మనిషి మూడేళ్ళుగా ఇది గుండెల్లో పెట్టుకుని, నా పక్కనే టీ తాగుతూ కూర్చున్నాడా! పట్టుకుని ఏడవాలనిపించింది. కానీ ఏడిస్తే ఈయన తినరు.

"సరే. ఆశ్రిత పుట్టినప్పుడు తిరుపతికి మొక్కిందెవరు?"

"మా అమ్మ."

"గుండు ఎవరికి చేయించాం? మీ అమ్మగారికా?"

"వాట్? నాకా?" అంది ఆశ్రిత, జుట్టు తడుముకుంటూ.

"మొక్కేది ఒకరైనా, ఎవరికోసం మొక్కారో వాళ్ళదే ఆ మొక్కు. నా ప్రాణానికి మొక్కారు కాబట్టి తీర్చాల్సింది నేను. అక్కడ చెప్పుల్లేకుండా, పస్తుండి నేను నడుస్తాను. మీరు బూట్లేసుకుని, కడుపునిండా తిని నా పక్కన రండి."

"పిచ్చెక్కిందా నీకు? అంత ఎత్తులో తిండి లేకుండా నడుస్తావా? చచ్చిపోతావే!"

ఆ మాట అనేసి ఆగిపోయారు. ఆయన నావంకే చూశారు, ఆశ్రిత ఉందని కూడా చూసుకోకుండా ఏడ్చేశారు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, డబ్బా ఇలా ఇమ్మన్నారు. ఇడ్లీ తుంచి నా నోటి దగ్గర పెట్టారు.

"ముందు నువ్వు," అన్నారు.

నేను పొద్దున కడుపునిండా తినే బయలుదేరాను. అయినా నోరు తెరిచాను. నేను మింగేదాకా చూసి, అప్పుడు ఆయన తిన్నారు.