నడుమ పెట్టే స్పీకర్

"సెంటర్ స్పీకరని పేరు పెట్టి గోడ మూలకు పెడ్తరా డాడీ? ఎవలన్న చూస్తె నవ్వుతరు!" అంది స్నిగ్ధ.

"నవ్వనియ్యి. ఎడమదిక్కే పెట్టు" అన్నాడు శివకుమార్.

"నోరు నడుమ పెట్టుకొని చెంపతోని మాట్లాడుమన్నట్టున్నది కొడ్కా" అంది కింద చాప మీద కూర్చున్న దేవమ్మ.

పొద్దటి నుంచి ఇదే పంచాయితీ. టీవీకి రెండు పక్కలా స్పీకర్లు ముందే ఉన్నాయి. పాటలూ ఫైటింగులూ ఇల్లదిరేటట్టు వస్తున్నా, మాటలు మాత్రం తెలుస్తలేవని శివకుమార్ గొణుగుడు. మాటలు పలికేది నడిమి స్పీకరేనని పటాన్‌చెరు దుకాణమాయన చెప్తే, నాలుగు రకాలు మోగించి, మనిషి గొంతు నిండుగా వచ్చేదాన్నే ఎంచుకున్నాడు. టీవీ కింద సరిగ్గా మధ్యన పెట్టి, ముందువైపు కొంచెం పైకెత్తితే మాట చెవులకు సూటిగా తగులుతుందని కూడా ఆయనే చెప్పాడు. స్నిగ్ధ అట్లాగే పెట్టింది. శివకుమార్ దాన్ని ఎడమకు జరిపాడు.

బాలమణి చాయ్ పట్టుకొని వంటింట్లోంచి వచ్చింది. సోఫా వెనక, భర్త కుడిభుజం పక్కన నిలబడింది.

"చాయ్ తీస్కో."

పలుకు లేదు.

"నిన్నే. చల్లారుతది."

కోపం మీదున్నాడనుకుంది. చుట్టూ తిరిగి ఎడమపక్కకు వచ్చి, అంతే మెల్లగా అంది. వెంటనే చెయ్యి చాపాడు.

బాలమణి అక్కడే ఆగిపోయింది. కొన్నాళ్లుగా ఫోను ఎడమ చెవికే పెట్టుకుంటున్నాడు. మంచం మీద పక్క మార్చుకున్నాడు. ప్రతివారం యూనిఫాం ఉతికేటప్పుడు జేబులో దొరికే, మిషన్ మోత తగలకుండా కంపెనీ ఇచ్చిన చెవిబిరడాలు గుర్తొచ్చాయి. దారానికి అటొకటి ఇటొకటి. ఒకటి గులిమి పట్టి నల్లబడి ఉంటుంది, రెండోది కొన్ననాటి లెక్క తెల్లగా ఉంటుంది. ఆమె ఎప్పుడూ ఒక్కదాన్నే కడుగుతోంది.

"కంపెనీల కుడి చెవికి బిరడా పెట్టుకోవా?"

"పెట్టుకుంటె మిషన్ మాట ఎట్ల వినాలె?" అన్నాడు శివకుమార్. పాశమైలారంలో కంప్రెసర్ ఆపరేటర్‌గా అతనికి మంచి పేరుంది. "మొరాయించే ముంగట దాని గొంతు మారుతది. నా అసొంటోడు విని పట్టుకోవాలె."

"ఇప్పుడే కుడిపక్కకెళ్లి నిన్ను రెండుసార్లు పిలిచిన."

అతను తల్లివైపు చూశాడు. పిలిచిందన్నట్టు దేవమ్మ తల ఊపింది. స్నిగ్ధ టీవీ గొంతు తగ్గించింది.

"మిషన్ మాట వినుకుంట వినుకుంట, మా మాట పోగొట్టుకున్నవా?" అంది బాలమణి.

"చెవి పోయిందని తెలిస్తె మిషన్ కాడ ఉండనియ్యరే. ప్యాకింగ్‌ల ఏస్తరు. డబ్బలకు అట్టలు అంటిచ్చుకుంట కూసోవాలె" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఎవరి మొహమూ చూడలేదు.

చాయ్ అయిపోయేదాకా కూర్చొని, గ్లాసు కింద పెట్టి లేచాడు. స్పీకర్‌ను తానే టీవీ నడుమకు జరిపాడు. అట్టముక్క మడిచి ముందువైపు కింద తోసి, దాని మొహం కొంచెం పైకెత్తాడు.

"రేపు డ్యూటీకి పోను" అన్నాడు ముగ్గురివైపూ తిరిగి. "సంగారెడ్డిల చెవుల డాక్టర్‌కు చూపిచ్చుకుంట. ప్యాకింగ్‌ల ఏస్తె ఏస్తరు."