కట్టుగుడ్డల్లో చీటీలు

ఆపరేషన్ బల్ల కింద పడ్డ కాగితం ముక్కను పెద్ద డాక్టరు కాలితో చూపించాడు. చేతులకు తొడుగులున్నాయి మరి.

"ఈ వారంలో ఇది నాలుగోది సిస్టర్. కట్టు విప్పితే కాగితాలు రాలడమేంటి? ఇది ఆసుపత్రా, పోస్టాఫీసా?"

వార్డు నర్సు వంగి తీసింది. పెన్సిలు రాత కాబట్టి ఆవిరి డబ్బాలో ఉడికినా చెరగలేదు. "ఈ కట్టు విప్పిన తల్లికి. మా వాడికి ఎడమ కనుబొమ్మ మీద గాటు. నవ్వితే భుజాలు ఊగుతాయి. ఎంత చెప్పినా తింటూ మాట్లాడతాడు. ఎక్కడైనా కనబడ్డాడేమో చెప్పండి." చదువుతుంటేనే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ రాత అత్తగారిది. ఆ ఊగే భుజాలు సైన్యంలో ఉన్న తన మొగుడివి.

"ఇంకొక్కటి కనబడిందా, మీ వీధివాళ్ళు పంపే గుడ్డలు గుమ్మం దాటనివ్వను" అని డాక్టరు తేల్చేశాడు. అనడానికి ఆయనదేం పోయింది? యుద్ధం మొదలయ్యాక దుకాణాల్లో కట్టుగుడ్డ మాయమైంది. నర్సు వాళ్ళ వీధి ఆడవాళ్ళు పాత దుప్పట్లు చించి, చుట్టి పంపబట్టి వార్డులో నలభై మంచాలు నెట్టుకొస్తున్నాయి. అవి ఆగితే ఆయన కట్లు కట్టేది దేంతోనో ఆమెకు తోచలేదు.

డ్యూటీ దిగి ఇంటికెళ్ళేసరికి ముందుగదిలో ఎనిమిది మంది కూర్చుని గుడ్డలు చించుతున్నారు. మధ్యలో అత్తగారు, ఒడినిండా గుడ్డ చుట్టలు.

"అత్తయ్యా, ఏంటిది?" నర్సు చీటీని ఆవిడ ముక్కు ముందు ఆడించింది. "తెరిచిన పొట్టలో ఇది పడితే మనిషి బతుకుతాడా? మీకు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది!"

అత్తగారు తలొంచుకుని గుడ్డ చించుతూనే ఉంది. పక్కింటి టైలరమ్మ మాత్రం నెమ్మదిగా గొంతు సవరించుకుంది. "ఆవిణ్ణొక్కదాన్నే అనకమ్మా. మా తమ్ముడి కోసం నేనూ పెట్టాను."

"నేనూ పెట్టాను. చిన్నవేలే" అంది మేడమీది టీచరమ్మ, చిన్నవైతే పరవాలేదన్నట్టు. ఆ తర్వాత గదిలో పెట్టనివాళ్ళెవరూ మిగల్లేదు.

నర్సు నెత్తి పట్టుకుంది. "పెట్టేవాళ్ళు పేరైనా రాసి చావొచ్చుగా! గాట్లు, భుజాలు పట్టుకుని ఎవరు పోల్చుకుంటారు?"

"సైనికుల పేర్లు కాగితం మీద రాయకూడదని గోడలనిండా అంటించారు కదే. ఆ మాత్రం రూలు తెలియనిదాన్నా నేను?" అని అత్తగారు ఎదురు తిరిగింది.

వీళ్ళతో వాదించేకంటే గోడకు చెప్పుకోవడం నయం. నర్సు చేయి చాపింది. "ఇలా తెండి చీటీలన్నీ. మంచం మంచానికీ వెళ్ళి నేనే చదివి అడుగుతాను. ఇంకెవరైనా చుట్టలో పెట్టారా, ఊరుకోను."

చదివింది కూడా. మందులిస్తూ, జ్వరం చూస్తూ ఎనిమిది చీటీల్లో ఏడు చదివింది. టైలరమ్మ తమ్ముణ్ణి సైన్యం వంటశాలలో వేశారని, మునుపటికి రెట్టింపు లావయ్యాడని ఒకతను చెప్పాడు. ఎనిమిదోది మాత్రం జేబులోంచి బయటికి రాలేదు. మొగుడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి రెండున్నర నెలలైంది. అడిగితే ఎవరో ఒకరు జవాబు చెప్పేస్తారు. ఆ జవాబు వినే ధైర్యం ఆమెకు లేదు. డాక్టర్లను సైతం అదిలించే మనిషి, ఆ కాగితం చేతికి తగిలితే దాన్ని మళ్ళీ జేబు అడుక్కి తోసేసేది.

"అడిగావా?" అనేది అత్తగారు రోజూ.

"అడిగానత్తయ్యా. ఎవరూ చూడలేదట."

"కిటికీ వైపు వాళ్ళని?"

"అందర్నీ అడిగాను, నన్ను చంపకండి!"

ఆదివారం మధ్యాహ్నం, రోగుల్ని చూడ్డానికి బయటివాళ్ళను రానిచ్చే వేళ, అత్తగారు వార్డులో ప్రత్యక్షమైంది. నర్సు అడ్డం వెళ్ళేలోపే మొదటి మంచం దగ్గర ఆగింది. "కనుబొమ్మ మీద గాటున్న అబ్బాయి సంగతి మా కోడలు అడిగిందట కదా నాయనా?"

"లావాయన గురించి అడిగారండీ, నత్తిగా మాట్లాడే ఆయన గురించి అడిగారు. గాటు సంగతి అడగలేదే!"

అత్తగారు వెనక్కి తిరిగి చూసింది. నర్సు తల దించుకుంది. "భయమేసింది అత్తయ్యా" అంది.

"నాకు లేదనుకున్నావా భయం? ముఖం చూసి అడగలేకే కదే గుడ్డలో పెట్టి పంపింది. చదువు. నేను పక్కనుంటాను."

నర్సు చీటీ విప్పి, వార్డంతా వినబడేలా చదివింది. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పంతొమ్మిదో మంచం మీద, కాలికి పిండికట్టుతో ఉన్నతను చేయి ఎత్తాడు.

"తింటూ మాట్లాడే ఆయనా? నన్ను మోసుకొచ్చి లారీ ఎక్కించింది ఆయనే సిస్టర్. అప్పుడు కూడా ఏదో నములుతూనే ఉన్నాడు. దెబ్బా గిబ్బా ఏమీ లేదు."

అత్తగారు అతని దుప్పటి సర్దడం మొదలుపెట్టింది. నర్సుకు మాత్రం కోపమే ముందొచ్చింది. "పన్నెండు రోజుల నుంచి నా కళ్ళముందే పడున్నావు కదయ్యా! చెప్పడానికి నోరు రాలేదా?"

"మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు, కనబడితే బాగున్నానని చెప్పు అన్నాడు. పేరు చెప్పకూడదుగా, కోపం ఎక్కువ, అదే గుర్తు అన్నాడు. ఇక్కడ కోపం లేని నర్సెవరని పోల్చుకోను? మొన్న మిమ్మల్నే అడగబోయాను. నోరు మూసుకుని థర్మామీటరు పెట్టుకోమన్నారు."

వార్డు గొల్లుమంది. నర్సు నవ్వలేదు. పన్నెండు రోజుల కిందటి మాట అది. ఆ తర్వాత సంగతి ఇతనికీ తెలియదు. ఆమె స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"లారీ దగ్గర్నుంచి చెప్పు. ఏం తింటున్నాడు, ఏమన్నాడు, అంతా చెప్పు. నేను మధ్యలో నోరెత్తను."