వంతెన కింద పిల్లల మార్పిడి

పిల్లల్ని చూసుకోవడం ఒక పని అని మా వీధిలో ఎవరికీ తెలియదు. తల్లులు పొద్దున్నే బట్టల కంపెనీకి పోతే ఇంట్లో ఉన్న అమ్మమ్మో నాయనమ్మో పిల్లల్ని చంకనేసుకునేది. జీతం లేదు, సెలవు లేదు, బాగా చూశావని మెచ్చుకున్నవాడు లేడు. అలా చెడిపోయి ఉన్న మమ్మల్ని బాగుచేయడానికి ప్రభుత్వమూ కంపెనీ కలిసి నడుం కట్టాయి.

నడుం కట్టడమంటే, ప్రభుత్వం స్థలం ఇచ్చింది, కంపెనీ తన పేరు ఇచ్చింది. ఖర్చులో చెరో మూడోవంతు భరిస్తామన్నారు. మిగిలిన మూడోవంతూ, పిల్లలూ మావి. కంపెనీ గేటు పక్కన పిల్లల్ని చూసుకునే సెంటర్ అని పసుపు రంగు భవనం ఒకటి లేచింది. లోపల మోకాలెత్తు కుర్చీలు, గోడల నిండా నవ్వే ఏనుగులు. ఆ ఏనుగులు ఎవర్ని చూసి నవ్వుతున్నాయో నాకు తర్వాత అర్థమైంది.

భవనం లేచాక ఆయాలు కావాలన్నారు. పిల్లల్ని పెంచిన అనుభవం ఉన్నవాళ్లకే ఉద్యోగం అన్నారు. అనుభవం ఇంకెవరికి ఉంటుంది? మా వీధి అమ్మమ్మలంతా నీలం కోట్లు తొడుక్కుని వరసగా లోపలికి పోయారు. మా ఆవిడ అందరికంటే ముందుంది. మా అల్లుడు వేరే ఊళ్లో పనిచేస్తాడు. అక్కడ జీతాలు ఆగి చాలాకాలమైంది. మా ఇంటి అద్దె మాత్రం ఆగలేదు. అందుకని పోవద్దని నేనూ అనలేకపోయాను.

అమ్మమ్మలు ఉద్యోగాలకు పోయేసరికి ఇళ్లల్లో పిల్లల్ని చూసే దిక్కు లేకుండా పోయింది. దాంతో తల్లులంతా సెంటర్లో సీటు కోసం ఎగబడ్డారు. కంపెనీ పెద్ద సారు మీటింగు పెట్టాడు. గోడ మీద పైకి పాకే ఎర్ర గీత ఒకటి చూపించి, ఊళ్లో ఇంత అవసరం ఉందని తామే ఊహించలేదని కళ్లు తుడుచుకున్నాడు. ఇల్లు తగలబెట్టి బిందె నీళ్లు అమ్ముకునేవాడు కూడా అంత చక్కగా ఏడవలేడు.

మా మనవరాలిని ఇంట్లో అందరం పిడుగు అంటాం. అప్పటికి దానికి మాటలు సరిగ్గా రావు గానీ అరుపులు బాగా వచ్చు. వాళ్లమ్మ, అంటే మా అమ్మాయి, కంపెనీలో కాలర్లు కుట్టే లైనులో కూర్చుంటుంది. పిల్లను ఎత్తుకుని సెంటర్ నడిపే మేడమ్ దగ్గరికి పోయింది. మేడమ్ చిన్న వయసుది, పెద్ద చదువుది. గొంతు ఎప్పుడూ లేవదు, చేతిలో పెన్ను ఎప్పుడూ దిగదు. ఆయాల సొంత మనవళ్లను చేర్చుకోకూడదని రూలుందంది. సొంత రక్తమైతే ఒక ముద్ద ఎక్కువ పెడతారట. అయితే మా అమ్మను మాన్పిస్తాను, పిల్లకు సీటివ్వండని అడిగింది మా అమ్మాయి. మాన్పిస్తే ఇంట్లో చూసే మనిషి ఉన్నట్టే కాబట్టి అప్పుడూ సీటు రాదంది మేడమ్.

"మా అమ్మ ఇక్కడుంటే పిల్ల ఇక్కడుండకూడదు. మా అమ్మ ఇంట్లో ఉన్నా పిల్ల ఇక్కడుండకూడదు. మరి పిల్ల ఇక్కడుండాలంటే మా అమ్మ ఎక్కడుండాలి మేడమ్?"

మేడమ్ నిజంగానే ఆలోచించిందట. "రూలు ప్రకారమైతే, అసలు లేకపోతే సులువు," అని, వెంటనే నాలిక కరుచుకుందట.

ఆ రూలు ఎవరు పెట్టారో తెలుసుకుందామని నేను తిరిగాను. కంపెనీలో అడిగితే ప్రభుత్వం అన్నారు. ప్రభుత్వ ఆఫీసులో అడిగితే కంపెనీ అన్నారు. ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి, భాగస్వామ్యం అనే మాటకు అర్థం నాకు అప్పుడు తెలిసింది. ఉమ్మడి కాపురంలో గుమ్మం దగ్గర ఒలికిన నీళ్లు చూశారా? అందరూ దాటిపోతారు, ఒక్కరూ తుడవరు.

మొర పెట్టుకోగా పెట్టుకోగా పెద్దవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. ఊరికి అవతలి చివర ఇలాంటిదే ఇంకో సెంటర్ ఉంది, అక్కడా ఇదే రోగం. కాబట్టి మా ఆయాల మనవళ్లను అక్కడికి పంపాలి, అక్కడి ఆయాల మనవళ్లను ఇక్కడికి తేవాలి. అటొక వ్యాను, ఇటొక వ్యాను. ఒక వ్యాను నడిపే పని నాకే దొరికింది, జాలితో కాదు, చేతిలో లైసెన్సు ఉందని.

అలా రోజూ పొద్దున నా మనవరాలిని నేనే ఎక్కించుకుని, దాని అమ్మమ్మ ఉన్న సెంటర్ గేటు ముందు నుంచే ఊరవతలికి తోలుకుపోయేవాణ్ణి. నీలం కోటులో అమ్మమ్మ లోపలికి పోతుంటే పిడుగు కిటికీకి అతుక్కుపోయేది. ఆ ఏడుపు ఊరి మధ్య వంతెన దాకా సాగేది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారని వెర్రివాళ్లను ఎగతాళి చేస్తాం. మేం తెలివైనవాళ్లం, చంకలో పిల్లను దించి వ్యానెక్కించి మరీ ఊరంతా తిప్పాం.

పిడుగుకు ఒక అలవాటుంది. అమ్మమ్మ చెవితమ్మె పట్టుకుంటే తప్ప ముద్ద మింగదు, కన్ను మూయదు. అవతలి సెంటర్లో ఎవరి చెవి పట్టుకుంటుంది? తిండి మానేసింది. కాళ్లు పుల్లలైపోయాయి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఒళ్లు కాలుతూ ఉండేది. అమ్మాయికి లైనులో ధ్యాస నిలవక కాలర్లు వంకర పోతున్నాయి. ఇంకొక్కసారి మధ్యలో లేచి వెళ్తే మళ్లీ రావద్దని సూపర్‌వైజర్ చెప్పేశాడు. ఇంట్లో అందరికీ తెలిసిపోయింది, పిల్ల తిండి తినకపోతే తల్లి పని మానుకోవాల్సిందే. ఆ పనే పోతే తర్వాత అందరం తిండి మానుకోవాల్సిందే.

అవతలి వ్యాను నడిపేవాడు నాకంటే బాగా చిన్నవాడు, నన్ను బాబాయ్ అని పిలుస్తాడు. వాడి అత్తగారు అవతలి సెంటర్లో ఆయా. అందుకని వాడి కొడుకు, బొద్దుగా ఉంటాడని గుమ్మడి అని పిలుచుకునే పిల్లాడు, మా వైపు సెంటర్‌కు రావాలి. ఇద్దరం వంతెన కింద ఆగి టీ తాగేవాళ్లం. ఒకరోజు వాడి మొహం వేలాడిపోయి ఉంది.

"గుమ్మడి దారిపొడుగునా కక్కుతున్నాడు బాబాయ్. నీ చేతకాని డ్రైవింగేనని మా అత్త రోజూ నా మీద పడుతోంది. ఈ రూలు పెట్టినవాడెవడో దొరికితే, మా అత్తను వాడింట్లో దించి వచ్చేద్దును."

"బండి వెనక్కి తిప్పుకుని పిల్లల్ని వాళ్ల అమ్మమ్మల దగ్గరే దించేద్దామంటే, జీపీఎస్ పెట్టి చచ్చారు కదరా," అన్నాను.

వాడు టీ గ్లాసు దించాడు. "పెట్టింది బండికి కదా బాబాయ్. పిల్లలకు పెట్టలేదుగా."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. లేచి వ్యాను తలుపులు తీశాం. నా బండిలో పిల్లలు వాడి బండిలోకి, వాడి బండిలో పిల్లలు నా బండిలోకి మారారు. బండ్లు రెండూ పై వాళ్లు చెప్పిన చోటికే పోయాయి. పిల్లలు మాత్రం వంతెన దాకా షికారు కొట్టి, ఎవరి అమ్మమ్మ దగ్గరికి వాళ్లు చేరారు. సాయంత్రం మళ్లీ అదే వంతెన, అదే మార్పిడి.

నెలలు గడిచాయి, ఒక్కరూ కనిపెట్టలేదు. రెండు బండ్లలోనూ తలలు సమానమే, లోపల తలలు లెక్కపెట్టేవాళ్లు గానీ మొహాలు చూసేవాళ్లు లేరు. గుమ్మడి ఫోటో అంటించిన కొక్కేనికి పిడుగు గౌను వేలాడేది. పిడుగు బుగ్గల్లోకి కాస్త కండ వచ్చింది. అమ్మాయి కాలర్లు తిన్నగా పడ్డాయి.

అప్పుడు తనిఖీ వచ్చింది. ప్రభుత్వం తరఫున ఆఫీసరు, కంపెనీ తరఫున పెద్ద సారు, వాళ్ల వెనక కెమెరావాళ్లు. పిల్లలు పడుకునే గదిలోకి వెళ్లేసరికి పిడుగు మా ఆవిడ ఒళ్లో, చెవితమ్మె పట్టుకుని హాయిగా నిద్రపోతోంది. ఆఫీసరు అక్కడే ఆగిపోయాడట. పరాయి పిల్లకు ఇంత ప్రేమ పంచడం తన సర్వీసులో చూడలేదన్నాడట. ఇలా శిక్షణ ఇచ్చింది మీరేనా అని పెద్ద సారు అడిగితే, మేమేనని మేడమ్ పెన్ను కూడా ఆపకుండా చెప్పిందట. ఫోటోలు తీశారు.

మర్నాటి నుంచి చెవి పద్ధతి అమల్లోకి వచ్చింది. ఆయాలంతా కమ్మలు తీసేసి, తలా ఒక పిల్లను ఒళ్లో వేసుకుని చెవి అప్పగించాలి. పిల్లలకు అంత చక్కని ఆట దొరికితే ఊరుకుంటారా? పట్టి లాగారు, మెలిపెట్టారు, పళ్లున్నవాళ్లు కొరికారు. వారం తిరక్కుండా మా వీధి అమ్మమ్మల చెవులన్నీ ఎర్రగా వాచిపోయాయి. ఆ వాపులు చూసి పద్ధతి బాగా పట్టుకుందని మేడమ్ పైకి రాసింది.

ఆ ఊపులో పెద్దవాళ్లు ఇంకో నిర్ణయం చేశారు. మా ఆవిడ ఊళ్లు తిరిగి అన్ని సెంటర్లలో ఆయాలకు ఈ పద్ధతి నేర్పాలి. జీతం పెంచుతారు. తీసుకెళ్లే బండి నాదే కాబట్టి నన్నూ పిలిపించారు. నేను గది తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల ఆఫీసరు, పెద్ద సారు, మేడమ్ కూర్చుని ఉన్నారు. మా ఆవిడకు కుర్చీ వేశారు గానీ ఆమె కూర్చోలేదు. ఇష్టం లేదంది. జీతం ఇంకొంచెం పెంచుతామన్నారు. వద్దంది. ఎందుకు వద్దో చెప్పమని ఆఫీసరు మర్యాదగానే అడిగాడు. మా ఆవిడ ఒకసారి నా వైపు చూసింది. వద్దని సైగ చేశాను. ఆమె నా మాట ఎప్పుడు విన్నది గనక?

"అది నా మనవరాలు సార్. నా కూతురి కూతురు. అందుకే నా చెవి పట్టుకుంటుంది. నేను ఊళ్లు పట్టుకుపోతే అది మళ్లీ తిండి మానేస్తుంది."

ఆఫీసరు పెద్ద సారు వైపు, పెద్ద సారు మేడమ్ వైపు చూశారు. మేడమ్ తన రిజిస్టర్ వైపు చూసింది.

"కానీ ఆ కొక్కెం ఒక బాబుది కదా," అంది మెల్లగా.

"ఇన్నాళ్లూ గౌను వేసుకునే వస్తోంది మేడమ్," అంది మా ఆవిడ.

మా మీద ఎవరూ కేకలు వేయలేదు. కేకలు వేస్తే బయటికి వినిపిస్తుంది, అప్పటికే ఫోటోలు అచ్చుకు వెళ్లిపోయాయి. మా ఆవిడ నీలం కోటు అప్పగించి ఇంటికొచ్చింది. ఇంట్లో చూసే మనిషి వచ్చింది కాబట్టి పిడుగు సీటు పోయింది. నన్నూ, నన్ను బాబాయ్ అనేవాణ్ణీ బండ్ల మీంచి దించేశారు. వాడి అత్త ఆ రోజు వాణ్ణి ఏమందో వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

నాలుగు రోజులకు సెంటర్ గేటు మీద ఇంటి పైకప్పంత ఫ్లెక్సీ వెలిసింది. అందులో మా ఆవిడ, ఒళ్లో పిడుగు, చేతిలో చెవి. మీ బిడ్డ మా ఒడిలో భద్రం అని కింద అక్షరాలు. ఆ గేటు దాటి లోపలికి పోకూడని మనుషులు ఊరు మొత్తంలో ఇద్దరే ఇద్దరు, ఆ ఇద్దరే గేటు మీద కూర్చున్నారు.

ఫ్లెక్సీ చూసినవాళ్లు ఊరుకోలేదు. కాలర్ల లైనులోని ఒకమ్మాయి, మా పిల్లాణ్ణి ఆ బొమ్మలో పెద్దమ్మ దగ్గరే వదులుతానని నేరుగా మా ఇంటికొచ్చింది. ఆమె వెనక బొత్తాల లైను, ఆ వెనక ఇస్త్రీ లైను. ఎవరికి చేతనైనంత వాళ్లు ఇచ్చేవాళ్లు. మంచాలు నిలబెట్టి చాపలు పరిచాం. నాకు పాలు కాచడం, ముడ్లు కడగడం బాగా అలవాటైంది. పిడుగు తన చెవిని ఇంకెవరికీ ఇవ్వనని పేచీ పెట్టేది, మా ఆవిడ రెండో చెవి చూపించి సర్దిచెప్పేది. లైనులో అమ్మాయి పని నిలబడింది.

అనుమతి లేకుండా ఇళ్లల్లో పిల్లల్ని పోగేస్తే మూయిస్తామని ఒకరోజు వీధిలో ఆటో మీద మైకు తిరిగింది. ఆ మర్నాడు పొద్దున్నే మేడమ్ మా గుమ్మంలో నిలబడింది.

మా ఇల్లు మూస్తే మా అమ్మాయి మిషను దిగాల్సిందే, ఆమెతోపాటు వీధిలో సగంమంది. అందుకని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. అన్ని నెలలుగా కూడబెట్టుకున్న తిట్లు నా దగ్గర చాలానే ఉన్నాయి, ఏది ముందు తీయాలో చూసుకుంటున్నాను. అంతలో ఆమె భుజం మీది దుప్పటి కదిలింది. అందులోంచి పసివాడి తల ఒకటి బయటికొచ్చి నన్ను చూసింది.

ఆమెకు కొడుకున్నాడని మాకెవరికీ తెలియదు. ఇన్నాళ్లూ అత్తగారు చూసుకునేదట. కొత్తగా తెరిచిన మూడో సెంటర్లో అత్తగారిని ఆయాగా తీసుకున్నారట, అనుభవం ఉందని.

"మీ సెంటర్లో అన్ని బుల్లి కుర్చీలున్నాయి కదా మేడమ్," అన్నాను.

ఆమె పెన్ను లేని చేత్తో పిల్లాడి వీపు నిమురుతూ నిలబడింది. వెనక నుంచి మా ఆవిడ వచ్చి నన్ను మోచేత్తో పక్కకు నెట్టింది.

"ఏడిస్తే ఏం చేస్తే ఊరుకుంటాడు?" అని అడిగింది.

మేడమ్ నేల చూసింది. "మా అత్తగారికి తెలుసు," అంది.

"సర్లే, వాడే చెబుతాడు. నువ్వు పో, నీకు టైమవుతోంది."

మా ఆవిడకు అప్పటికే ఒళ్లో ఒకరు, వీపు మీద ఒకరు ఉన్నారు. ఇంట్లో చేతులు ఖాళీగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. మేడమ్ కొడుకు నా చేతుల్లోకి వచ్చి, నా మొహం దగ్గర్నుంచి చూసి, గుక్కపట్టి ఏడుపు ఎత్తుకున్నాడు.